నూనె కాగితానికి నేను చేసిన వ్యాఖ్యానం

బడిలో తెలుగు చెప్పి పదవీవిరమణ చేసినవాణ్ణి. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పిన నోటితో టిప్పరు ఇంజను నూనెకు అర్థం చెప్పవలసివస్తుందని ఏనాడూ అనుకోలేదు. చెప్పవలసి వచ్చింది. మొదటిసారి చెప్పినది నిజమైంది. ఆ తరువాత చెప్పినది ఒక మనిషి జీవనాధారాన్ని పోగొట్టింది. ఆ సంగతే రాస్తున్నాను.

మాచర్లలో నా మేనల్లుడికి నాలుగు టిప్పర్లు ఉన్నాయి. క్వారీ నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి తోలుతాయి. ఒక వేసవిలో వాటిలో ఒకటి గురజాల రోడ్డు మీద నిండు లోడుతో ఇంజను పట్టేసి నిలబడిపోయింది. అప్పుడు ఇంజనాయిలు అమ్మే ఏజెంటు ఒక ఉపాయం చెప్పాడు. నూనె మార్చిన ప్రతిసారీ పాత నూనెను చిన్న సీసాలో పట్టి హైదరాబాదులోని పరీక్షాలయానికి పంపితే, వాళ్లు దాన్ని మండించి, ఆ వెలుగులో ఏ లోహం ఎంత ఉన్నదో లెక్కగట్టి కాగితం పంపుతారట. ఇంజనులో అరిగిన ప్రతి భాగమూ నూనెలో తన ఆనవాలు వదులుతుంది. ఆ ఆనవాలును బట్టి ఇంజను విప్పకుండానే జబ్బు తెలుస్తుంది.

కాగితం ఫోనుకు వచ్చేది. మేనల్లుడు జెరాక్సు షాపులో ప్రింటు తీయించి నా దగ్గరకు తెచ్చేవాడు.

"ఇంగ్లీషు నాకూ వచ్చు మామయ్యా. కానీ ఇది ఇంగ్లీషూ గాదు, లెక్కలూ గావు. నువ్వయితే కూర్చుని కుదురుగా చూస్తావు."

చూశాను. నిలువు వరుసల్లో మూలకాల పేర్లు, వాటి పక్కన అంకెలు. నూనెను పది లక్షల పాళ్లు చేస్తే అందులో ఆ లోహం ఎన్ని పాళ్లో ఆ అంకె చెబుతుంది. ఏజెంటు ఇచ్చిన పట్టిక ఒకటి ఉండేది. ఇనుము పెరిగితే సిలిండరు గోడలు, అల్యూమినియం పెరిగితే పిస్టన్లు, క్రోమియం పెరిగితే రింగులు, రాగి, సీసం, తగరం కలిసి పెరిగితే బేరింగులు అరుగుతున్నట్లు. సిలికాన్ పెరిగితే దుమ్ము చేరినట్లు; ఇసుకలో ఉండేది అదే. ఆ పట్టికను నేను రెండు రోజుల్లో కంఠస్థం చేశాను. ధాతువును చూసి క్రియను గుర్తుపట్టే విద్యకూ దీనికీ భేదం లేదనిపించింది. ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి కాగితానికీ తెలుగులో తాత్పర్యం రాయసాగాను. లోహాలకు పాత పేర్లే వాడాను.

"నాగము స్వల్పముగా వృద్ధి చెందినది అని రాశావు. ఏంది మామయ్యా, ఇంజన్లో పాము దూరిందా?"

"నాగమంటే సీసంరా."

"మరి వంగం?"

"తగరం."

"మెకానిక్కు చదివితే పూజ చేయించమంటాడు" అని నవ్వాడు.

నవ్వాడే గాని నమ్మాడు. ఒకసారి రాగి, సీసం, తగరం మూడూ ఒకదాన్నొకటి విడవకుండా పైకి లేచాయి. బేరింగులు చూడమన్నాను. మెకానిక్కు విప్పి చూస్తే, బేరింగుల మీది తెల్లని పూత పోయి అడుగున రాగిరంగు బయటపడి ఉన్నది. ఇంకో నాలుగు ట్రిప్పులు తిరిగి ఉంటే క్రాంకు పోయి ఇంజను పట్టేసేదన్నాడతను. "మా మామయ్య మూత తియ్యకుండానే చెప్పాడు" అని మేనల్లుడు యార్డులన్నిటా చెప్పుకున్నాడు. ఇతర యజమానులు కూడా తమ కాగితాలు పట్టుకుని మా అరుగు మీదకు రావడం మొదలుపెట్టారు. బడి విడిచిన తరువాత నా మాట కోసం ఎదురుచూసినవాళ్లు లేరు. అందుచేత ఆ రాకపోకలు నాకు ఎంతో ఇష్టంగా ఉండేవి. ఆ ఇష్టంలో, నాకు తెలియని మాట ఎదురైనప్పుడు తెలియదనే అలవాటు పోగొట్టుకున్నాను.

బేరింగుల కాగితం మొదటిదనుకుంటే, రెండవదని నేను మనసులో పిలుచుకునే కాగితం వచ్చింది. నిజానికి అది ఏడవదో ఎనిమిదవదో. ఆ టిప్పరును నడిపేవాడు నూజెండ్ల వైపువాడు, మా మేనల్లుడి దగ్గర ఆరేళ్ల నుంచి ఉన్నవాడు. బండిని తుడిచి గాని దిగేవాడు కాడు. కాగితంలో సిలికాన్ మునుపు తొమ్మిది ఉన్నది, ఈసారి నలభై ఆరు. అడుగున వ్యాఖ్య ఒక్క పంక్తి: సిలికాన్ హెచ్చుగా ఉన్నది, డర్ట్ ఎంట్రీ, ఏటవాలు గీత, సీలెంట్, తనిఖీ చేయండి.

డర్ట్ ఎంట్రీ అంటే ధూళిప్రవేశం, అందులో సందేహం లేదు. సీలెంట్ అనే మాట నేనెరుగను. నా దగ్గరున్న పాత నిఘంటువులో సీల్ ఉన్నది, ముద్ర అని అర్థం ఉన్నది, సీలెంట్ లేదు. ధాతువు దొరికింది గదా అని ప్రత్యయాన్ని ఊహించుకున్నాను. సీలు గలది సీలెంట్ కావాలి. రెండు మాటల నడుమ ఉన్న గీతను సమాసపు గుర్తనుకున్నాను. రెండూ కలిపి నా పుస్తకంలో ఇలా రాశాను: "ముద్రాభంగమువలన ధూళిప్రవేశము సంభవించి, తైలమునందు ఇసుక చేరినట్లు తోచుచున్నది."

మేనల్లుడు చదివి తలెత్తాడు. "ముద్రాభంగం అంటే?"

"సీలు విడవడం."

"ఫిల్టరు సీలా?"

"దుమ్మును ఆపేది అదే గదా."

అంతే అన్నాను. అతనికి అంతకంటె అక్కర లేకపోయింది. పూర్వం డ్రైవర్లు ఎయిర్ ఫిల్టరు విప్పి, టైరుకేసి కొట్టి దులిపి మళ్లీ బిగించేవారు. దానివల్ల ఫిల్టరు చిరిగి, దుమ్ము నేరుగా ఇంజనులోకి పోయేది. ఆ పని చేస్తే బండి దింపేస్తానని మా మేనల్లుడు అందరినీ ముందే హెచ్చరించి ఉన్నాడు. నన్ను మోటారుసైకిలు మీద ఎక్కించుకుని యార్డుకు తీసుకుపోయాడు. డ్రైవరును పిలిచాడు. మెకానిక్కు, మరి ఇద్దరు డ్రైవర్లు చుట్టూ నిలబడ్డారు.

"ఒరేయ్, ఫిల్టరు విప్పి దులిపావా?"

"దులపటమేంది అన్నా? నువ్వు వద్దన్నాక ముట్టుకుంటే ఒట్టు."

"మరి ఇంజన్లోకి ఇసుకెట్టా వచ్చింది?"

"అదే నేనూ అడిగేది. మనం తోలేది సున్నపురాయి. దాంట్లో ఇసుక యాడిది? నెల కిందట ఇంజను అడుగున నూనె చాంబరు కారతందని విప్పి పేస్టు పెట్టారు గదా, ఆ రోజు కొత్త ఫిల్టరు మెకానిక్కే ఎక్కించాడు. అప్పట్నించి నా చెయ్యి దాని మీద పడలా."

"నేను బిగించే ఇచ్చా" అన్నాడు మెకానిక్కు వెంటనే.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "మేస్టారూ, మీరన్నా చెప్పండి. నేను విప్పానని ఆ కాగితంలో ఉందా?"

"నువ్వని లేదు. ముద్ర విడిందని ఉన్నది."

"ముద్రేంది? ఏలిముద్రా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "సీలు" అన్నాను. "సీలు విడిందంటే ఎవడో ఒకడు విప్పినట్టే గదా" అన్నాడు మేనల్లుడు. కాగితంలో అది లేదని, నేను రాసినది కూడా 'తోచుచున్నది' అనేనని చెప్పవలసిన క్షణం అది. నా మాట కోసం చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. నేను పై కండువా సర్దుకున్నాను. ఆ డ్రైవరు తన నోటితోనే సమాధానం నా చేతిలో పెట్టాడని, అది చాంబరుకు పెట్టిన పేస్టు అనే మాటలో ఉన్నదని, నాకు అప్పుడు తెలియలేదు.

తాళాలు మేనల్లుడి చేతిలో పెట్టి, సీటు మీది దుప్పటి మడిచి చంకన పెట్టుకుని అతను వెళ్లిపోయాడు.

అక్కడితో ఆగినా కొంత మేలు. మేనల్లుడు నేను రాసిన పుటను ఫోటో తీసి టిప్పరు యజమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నా దస్తూరి గుండ్రంగా, ఎవరైనా చదవగలిగేటట్లు ఉంటుంది. గురజాల రోడ్డు పొడుగునా యార్డుల్లో అతనికి ఇసుక డ్రైవరు అని పేరు పడింది. ఎవరూ బండి ఇవ్వలేదు.

ఆ టిప్పరు తరువాతి కాగితంలో సిలికాన్ పదమూడుకు దిగింది. మేనల్లుడు ఉత్సాహంగా వచ్చాడు. "చూశావా, వాడు పోగానే ఇసుక పోయింది!" నేను తల ఊపాను. కాని పాత కాగితాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక సంగతి ముల్లులా గుచ్చుకుంది. ఇసుక ఇంజనులో పడి నలిగి ఉంటే లోహాలను గీరి ఉండాలి. ఇనుము కదలలేదు. అల్యూమినియం నాలుగు ఉండేది, నాలుగే ఉన్నది. ఇసుకరాయి మీద కత్తిని రాస్తే అరగకుండా ఉంటుందా? ఆ ప్రశ్నను పైకి అనలేదు. వయసు మీద పడిన తరువాత సందేహాన్ని వాయిదా వేయడం సులభం.

వాయిదా ఎక్కువ కాలం సాగలేదు. మరొక టిప్పరు కాగితం వచ్చింది. అందులోనూ సిలికాన్ నలభై దాటింది. ఆ బండి నడిపేవాడు మేనల్లుడి బావమరిది. నేను కాగితం చూపగానే మేనల్లుడు ముఖం చిట్లించాడు.

"వాడు ముట్టుకోడులే మామయ్యా. మనవాడు. ల్యాబువాళ్లే ఏదో తప్పు చేసుంటారు."

"ఈ బండికి ఈమధ్య ఏమైనా పని చేయించావా?"

"చాంబరు కారతంటే విప్పి పేస్టు పెట్టించా. అంతే."

ఆ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. యార్డులో, ఆ డ్రైవరు నోటినుంచి. అతను పోగానే కాగితం అడుగున ఉన్న నంబరుకు ఫోను చేశాను. ఒక అమ్మాయి పలికింది. వివరం చెప్పాను.

"సిలికాన్ ఒక్కటే పెరిగిందా సార్? అల్యూమినియం?"

"పెరగలేదు."

"ఐరన్?"

"లేదు."

"అయితే దుమ్ము కాదు సార్. దుమ్మయితే సిలికానుతో పాటు అల్యూమినియం కూడా పెరుగుతుంది, తర్వాత ఐరన్ పెరుగుతుంది. ఇంజన్ ఈమధ్య ఓపెన్ చేశారా? గ్యాస్కెట్ దగ్గర పేస్టు పెట్టారా?"

"పెట్టారు."

"అదే సార్. ఆ పేస్టు సిలికానుతోనే చేస్తారు. కొత్తగా పెట్టినప్పుడు కొంచెం నూనెలోకి దిగుతుంది. ఒకటి రెండుసార్లు ఆయిల్ మారిస్తే తగ్గిపోతుంది. రిమార్కులో రాశాం గదా, డర్ట్ ఎంట్రీ ఆర్ సీలెంట్ అని."

"సీలెంట్ అంటే..."

"పేస్టే సార్."

"మధ్యలో గీత?"

"ఆర్ అని. అదో ఇదో." కొంచెం ఆగి ఆ అమ్మాయి మర్యాదగా అన్నది: "ఒక్క ఎలిమెంట్ చూసి చెప్పలేం సార్. పక్కన ఏముందో చూడాలి."

సైంధవమనే మాటకు ఉప్పు అనీ, గుర్రమనీ రెండర్థాలు. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి లేచినవాడు అంటే గుర్రాన్ని తేవాలి. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుందని ఏటేటా పిల్లలకు ఆ ఉదాహరణతోనే చెప్పాను. ఏ పాఠం చెప్పి జీతం తిన్నానో ఆ పాఠం దగ్గరే తప్పాను. వికల్పాన్ని సమాసం చేశాను. అది పద్యమయితే ఒక పిల్లవాడికి అరమార్కు పోయేది.

సాయంత్రం మేనల్లుడికి అంతా చెప్పాను. ఓపికగా విన్నాడు.

"సరేలే మామయ్యా. ఇప్పుడేం చేద్దామంటావు?"

"అతన్ని పిలిచి బండి ఇయ్యి. ఆ గ్రూపులో తప్పు జరిగిందని పెట్టు."

"ఆ బండి మీద వేరేవాణ్ణి పెట్టా. వాణ్ణేం చెయ్యను? ఇక గ్రూపంటావా, పదిమందిలో ఎక్కించిందాన్ని ఇప్పుడు తప్పంటే నా పరువేం గావాల? నీ పరువేం గావాల?"

"నాది నేను చూసుకుంటాను."

"నీకేం, అరుగు మీద కూర్చుంటావు. రేపు ప్రతి డ్రైవరూ నా మీదకి లేస్తాడు. వదిలెయ్ మామయ్యా. వాడూ యాడో ఒకచోట పని చేసుకుంటనే ఉండాడంట."

ఎక్కడని విచారిస్తే, దుర్గిలో శిల్పులు రాయి చెక్కే పాకలో బండరాళ్లు దించి, ఎత్తి, తిప్పే పనిలో చేరాడని తెలిసింది. మరునాడు బస్సెక్కి వెళ్లాను. పాక నిండా సుత్తి, ఉలి చప్పుడు. సగం ముఖం మాత్రమే తేలిన విగ్రహాలు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. అతను గునపంతో ఒక రాయిని పక్కకు దొర్లిస్తున్నాడు. కనుబొమల మీద తెల్లని పొడి. క్యారేజీ తెచ్చిన అతని భార్య నన్ను ముందుగా చూసింది. ఎవరో గుర్తుపట్టింది.

"మళ్లా ఏం రాయటానికొచ్చారయ్యా? రాసింది చాల్లా?"

"ఏమే, ఊరుకో" అన్నాడతను. గునపం పక్కన పెట్టి వచ్చాడు. "చెప్పండి మేస్టారూ."

నిలబడే చెప్పాను. సిలికాన్ సంగతి, పేస్టు సంగతి, గీత సంగతి. అలంకారం లేకుండా చెప్పడానికి ప్రయత్నించాను, చేతకాక రెండుసార్లు తడబడ్డాను. అతను చివరిదాకా విన్నాడు.

"నేనా రోజే చెప్పాగా, పేస్టు పెట్టారని."

"చెప్పావు."

"విన్లా మీరు."

"వినలేదు."

ఆ ఒక్క మాటకు అతను నేల వైపు చూశాడు. కోపగించుకుని ఉంటే నాకు సులభంగా ఉండేది. "ఆరేళ్లు తోలా మేస్టారూ. ఒక్క గీత పడనీలా బండికి. మా ఊళ్లో గూడా అడుగుతుండారు, ఏందిరా ఇసుక పోసావంట గదా అని. మా ఆవిడ వాళ్ల అన్న గూడా నమ్మాడు. మీరు రాశారంటే నమ్మరా మరి?"

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"అట్టాంటి కాగితమే ఇంకోటి రాయండి."

సంచిలో పుస్తకం ఉన్నది. రాతి మీద కూర్చుని మొదలుపెట్టాను: "పూర్వలిఖితమగు తాత్పర్యమునందు ప్రమాదవశమున..." అతను భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఇది వద్దు మేస్టారూ. మీ తెలుగు వద్దు. నేను చెప్తా, రాయండి."

అతను చెప్పాడు, నేను రాశాను. "ఈ డ్రైవరు ఫిల్టరు విప్పలేదు. నూనెలో ఉన్నది ఇసుక కాదు. చాంబరుకు పెట్టిన పేస్టు. తప్పు చదివింది నేను." చివరి వాక్యం దగ్గర 'అని తెలియవచ్చుచున్నది' అని చేర్చబోయాను. చేతికి పట్టిన అలవాటు. "అక్కడితో ఆపండి" అన్నది అతని భార్య. ఆపి సంతకం చేశాను.

ఆ కాగితం గ్రూపులోకి పోవాలంటే మేనల్లుడే పెట్టాలి. అతను పెట్టలేదు. అందుకని నేనే దాన్ని జెరాక్సులు తీయించి, గురజాల రోడ్డు మీద ఉన్న యార్డులకు ఒకదాని తరువాత ఒకటిగా తిరిగాను. ఎండకు ఆగి, ఆటోకు ఆగి, నాలుగు రోజులు పట్టింది. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒకాయన మాత్రం చదివి, ఫోనులో పాత పుటను వెదికి తీసి, రెండూ పక్కపక్కన పెట్టాడు.

"మేస్టారూ, ఇదీ మీ దస్తూరే, అదీ మీ దస్తూరే. ఏది నమ్మమంటారు?"

"ఇది. అనుమానముంటే పరీక్షాలయానికే ఫోను చేయండి, నంబరు కింద రాశాను."

"ఆ పని మొదటిసారే మీరెందుకు చెయ్యలా?"

 ఆయన మరీ కఠినుడు కాడు. నా ఎదుటే నంబరు కలిపి మాట్లాడాడు. చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేసి, ఒక బండి ఖాళీగా ఉన్నదని, సోమవారం అతన్ని రమ్మనండని అన్నాడు. "కాకపోతే ఫిల్టరు డబ్బాకి తాళం వేయిస్తా. పేరు పడింది గదా, నా జాగ్రత్త నాది."

అక్కడి నుంచే డ్రైవరుకు ఫోను చేసి చెప్పాను. అవతల ఉలి చప్పుడు వినిపిస్తున్నది.

"తాళమా?" అన్నాడు. తరువాత, "వాళ్ల బండి, వాళ్ల తాళం. చెవి మాత్రం నాకొద్దు. రోజూ నేను దిగేటప్పుడు వాళ్లే తీసి చూసుకోవాల. అట్టయితే వస్తా" అన్నాడు.

ఇప్పుడు ఆ బండే నడుపుతున్నాడు. ఫిల్టరు డబ్బాకు వెల్డింగు చేయించి బిగించిన చిన్న తాళం బయటికి కనిపిస్తుంది. పొద్దు వాలే వేళకు యార్డులో ఎవరో ఒకరు వచ్చి దాన్ని తీసి, లోపలికి తొంగిచూసి, మళ్లీ వేస్తారు. అంతసేపూ అతను బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. మిగతా డ్రైవర్లు దిగి ఇళ్లకు పోతారు. అది ఒకసారి కళ్లారా చూశాను. ఆ తాళం తీయించమని యజమానిని రెండుసార్లు అడిగాను.

"ఉండనివ్వండి మేస్టారూ" అన్నాడాయన. "మేం మర్చిపోయాం గానీ, మీరు రాసింది ఇంకా జనం ఫోన్లలో ఉంది గదా."